అయానిక సమ్మేళనాల ఫార్ములాలు - పరిమాణాల లెక్కింపు

'''అయానిక సమ్మేళనం''' అనగా ధనావేశం గల అయాన్లు, ఋణావేశం గల అయాన్లు పరస్పర ఆకర్షణ వలన కలిసి ఏర్పడిన పదార్థం. వంటింటి ఉప్పు, గోడకు వేసే సున్నం, నీటిని తేర్చే పటిక, వేరుశనగ చేనుకు చల్లే జిప్సం మొదలైనవన్నీ అయానిక సమ్మేళనాలే. ఒక సమ్మేళనంలో ఏ అయాన్లు ఏ నిష్పత్తిలో ఉన్నాయో సంకేతాల ద్వారా తెలిపేది దాని రసాయన సాంకేతికం లేదా ఫార్ములా. ఫార్ములా సరిగా తెలిసినచో ఆ పదార్థంలో ఏ మూలకం ఎంత బరువు ఉన్నదో, ఎంత పదార్థానికి ఎంత పదార్థం కావలెనో లెక్క కట్టవచ్చు.

ఈ లెక్క పాఠశాల పరీక్షకు మాత్రమే పరిమితమైనది కాదు. పొలంలో వేసే ఎరువు మోతాదు, తాగునీటి శుద్ధి, అతిసార రోగికి ఇచ్చే లవణ ద్రావణం కూడా దీనిమీదనే ఆధారపడి ఉంటాయి. ఈ వ్యాసంలోని ఉదాహరణలు ఎక్కువగా కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల జీవితానికి సంబంధించినవి.

'''సంకేతాల గురించి:''' ఈ వ్యాసంలో మూలకాల సంకేతాలు వాటిని చదివే తీరులోనే తెలుగు అక్షరాలలో ఇవ్వబడినాయి. చదువుటకు వీలుగా రెండు అయాన్ల మధ్య చిన్న గీత ఉంచబడింది. ఆ గీత ఫార్ములాలో భాగం కాదు.

== అయాన్లు, వాటి ఆవేశాలు ==

పరమాణువులో ప్రోటాన్ల సంఖ్య, ఎలక్ట్రాన్ల సంఖ్య సమానంగా ఉంటాయి. కనుక దానికి ఆవేశం ఉండదు. పరమాణువు ఒకటి లేక అంతకంటె ఎక్కువ ఎలక్ట్రాన్లను కోల్పోతే ధనావేశం గల అయాను (కాటయాన్), గ్రహిస్తే ఋణావేశం గల అయాను (ఆనయాన్) ఏర్పడతాయి. సోడియం ఒక ఎలక్ట్రాన్‌ను కోల్పోయి ఎన్‌ఏ⁺ అవుతుంది. క్లోరిన్ ఒక ఎలక్ట్రాన్‌ను గ్రహించి సీఎల్⁻ అవుతుంది. కొన్ని అయాన్లలో ఒకటి కంటె ఎక్కువ పరమాణువులు ఉంటాయి. సల్ఫేటు, నైట్రేటు, అమ్మోనియం ఇటువంటివి. వీటిని బహుపరమాణుక అయాన్లు అంటారు. ఫార్ములా రాసేటప్పుడు ఇటువంటి సమూహాన్ని విడదీయరాదు.

తరచుగా వచ్చే అయాన్లు:

* '''ఆవేశం +1:''' సోడియం (ఎన్‌ఏ⁺), పొటాషియం (కె⁺), అమ్మోనియం (ఎన్‌హెచ్₄⁺)
* '''ఆవేశం +2:''' కాల్షియం (సీఏ²⁺), మెగ్నీషియం (ఎంజీ²⁺), జింకు (జెడ్‌ఎన్²⁺), ఫెర్రస్ ఇనుము (ఎఫ్‌ఈ²⁺), క్యూప్రిక్ రాగి (సీయూ²⁺)
* '''ఆవేశం +3:''' అల్యూమినియం (ఏఎల్³⁺), ఫెర్రిక్ ఇనుము (ఎఫ్‌ఈ³⁺)
* '''ఆవేశం -1:''' ఫ్లోరైడు (ఎఫ్⁻), క్లోరైడు (సీఎల్⁻), హైడ్రాక్సైడు (ఓహెచ్⁻), నైట్రేటు (ఎన్‌ఓ₃⁻), బైకార్బొనేటు (హెచ్‌సీఓ₃⁻)
* '''ఆవేశం -2:''' ఆక్సైడు (ఓ²⁻), కార్బొనేటు (సీఓ₃²⁻), సల్ఫేటు (ఎస్‌ఓ₄²⁻)
* '''ఆవేశం -3:''' ఫాస్ఫేటు (పీఓ₄³⁻), సిట్రేటు

"అయాన్" అనే పదాన్ని 1834లో మైకేల్ ఫారడే ప్రవేశపెట్టాడు. లవణాలు నీటిలో కరిగినపుడు అయాన్లుగా విడిపోతాయని స్వీడన్ దేశస్థుడైన స్వాంటె అర్హీనియస్ 1884లో ప్రతిపాదించాడు. ఈ కృషికి ఆయనకు 1903లో నోబెల్ బహుమతి లభించింది.

== ఫార్ములా రాయు పద్ధతి ==

ఫార్ములాలన్నిటికీ మూలమైన నియమం ఒక్కటే: '''సమ్మేళనంలో మొత్తం ధనావేశం, మొత్తం ఋణావేశం సమానంగా ఉండాలి.''' మిగిలిన సూత్రాలన్నీ ఈ నియమాన్ని పాటించే సులువులు మాత్రమే.

# ధన అయానును ముందు, ఋణ అయానును తరువాత రాయాలి.
# రెండు ఆవేశాల కనిష్ఠ సామాన్య గుణిజాన్ని (క.సా.గు.) కనుగొనాలి.
# క.సా.గు.ను ఒక్కొక్క అయాను ఆవేశంతో భాగిస్తే ఆ అయాన్ల సంఖ్య వస్తుంది. ఈ సంఖ్యను అయాను పక్కన, పంక్తికి కొంచెం దిగువన రాయాలి. సంఖ్య 1 అయితే రాయనవసరం లేదు.
# బహుపరమాణుక అయాను ఒకటి కంటె ఎక్కువ ఉంటే దానిని కుండలీకరణంలో ఉంచి, సంఖ్యను బయట రాయాలి.

ఉదాహరణకు కాల్షియం ఆవేశం +2, ఫ్లోరైడు ఆవేశం -1. వీటి క.సా.గు. 2. కాల్షియం 1, ఫ్లోరైడు 2 కావాలి. కనుక ఫార్ములా సీఏ-ఎఫ్₂.

అల్యూమినియం ఆవేశం +3, సల్ఫేటు ఆవేశం -2. వీటి క.సా.గు. 6. అల్యూమినియం 2, సల్ఫేటు 3 కావాలి. కనుక ఫార్ములా ఏఎల్₂-(ఎస్‌ఓ₄)₃. ఇందులో ధనావేశం 2 × 3 = 6, ఋణావేశం 3 × 2 = 6. రెండూ సరిపోయినాయి.

కాల్షియం ఆవేశం +2, సల్ఫేటు ఆవేశం -2. ఒకదాని ఆవేశాన్ని మరొకదాని కింద రాసే అడ్డ గుణకార పద్ధతిని యాంత్రికంగా పాటిస్తే సీఏ₂-(ఎస్‌ఓ₄)₂ వస్తుంది. ఇది సరికాదు. అయానిక సమ్మేళనానికి అతి చిన్న పూర్ణాంకాల నిష్పత్తినే రాయాలి. కనుక సీఏ-ఎస్‌ఓ₄ అని రాయాలి. క.సా.గు. పద్ధతిలో ఈ పొరపాటు రాదు.

పటికలో ఒక పొటాషియం (+1), ఒక అల్యూమినియం (+3) ఉంటాయి. మొత్తం ధనావేశం 4 కనుక రెండు సల్ఫేటులు కావాలి. ఈ విధంగా రెండు ధన అయాన్లు గల లవణాన్ని ద్వంద్వ లవణం అంటారు. నియమం మాత్రం మారదు.

ఇనుము, రాగి వంటి లోహాలకు ఒకటి కంటె ఎక్కువ ఆవేశాలు సాధ్యం. కనుక "ఇనుము క్లోరైడు" అంటే చాలదు. ఫెర్రస్ క్లోరైడు ఎఫ్‌ఈ-సీఎల్₂, ఫెర్రిక్ క్లోరైడు ఎఫ్‌ఈ-సీఎల్₃.

=== అణువు కాదు, నిష్పత్తి ===

నీటికి అణువు (బణువు) ఉన్నది. అందులో రెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్ కలిసి ఒక విడి కణంగా ఉంటాయి. ఉప్పులో అటువంటి విడి కణం లేదు. ఎక్స్ కిరణాల సాయంతో ఉప్పు స్ఫటిక నిర్మాణాన్ని 1913లో విలియం లారెన్స్ బ్రాగ్ నిర్ధారించినపుడు ప్రతి సోడియం చుట్టూ ఆరు క్లోరైడులు, ప్రతి క్లోరైడు చుట్టూ ఆరు సోడియములు ఉన్నట్లు తేలింది. ఏ సోడియం ఏ క్లోరైడుకు చెందినదో చెప్పలేము. కనుక ఎన్‌ఏ-సీఎల్ అనేది ఒక అణువును కాక 1:1 నిష్పత్తిని తెలుపుతుంది. ఈ కారణంగానే ఇటువంటి పదార్థాలకు అణుభారం అనుటకు బదులు '''ఫార్ములా భారం''' అనే మాట వాడతారు.

== వాడుక పేర్లు, ఫార్ములాలు ==

తెలుగునాట అనాదిగా వాడుకలో ఉన్న అనేక లవణాలకు సొంత పేర్లు ఉన్నాయి. వాటిలో కొన్ని, వాటి ఫార్ములా భారాలతో:

* '''ఉప్పు''' - సోడియం క్లోరైడు, ఎన్‌ఏ-సీఎల్, 58.5
* '''వంట సోడా''' - సోడియం బైకార్బొనేటు, ఎన్‌ఏ-హెచ్‌సీఓ₃, 84
* '''చాకలి సోడా''' - సోడియం కార్బొనేటు, ఎన్‌ఏ₂-సీఓ₃·10హెచ్₂ఓ, 286
* '''సున్నపురాయి''' - కాల్షియం కార్బొనేటు, సీఏ-సీఓ₃, 100
* '''తడి సున్నం''' - కాల్షియం హైడ్రాక్సైడు, సీఏ-(ఓహెచ్)₂, 74
* '''జిప్సం''' - కాల్షియం సల్ఫేటు, సీఏ-ఎస్‌ఓ₄·2హెచ్₂ఓ, 172
* '''పటిక''' - పొటాషియం అల్యూమినియం సల్ఫేటు, కె-ఏఎల్-(ఎస్‌ఓ₄)₂·12హెచ్₂ఓ, 474
* '''సురేకారం''' - పొటాషియం నైట్రేటు, కె-ఎన్‌ఓ₃, 101
* '''నవాసారం''' - అమ్మోనియం క్లోరైడు, ఎన్‌హెచ్₄-సీఎల్, 53.5
* '''మైలుతుత్తం''' - రాగి సల్ఫేటు, సీయూ-ఎస్‌ఓ₄·5హెచ్₂ఓ, 249.5
* '''అన్నభేది''' - ఫెర్రస్ సల్ఫేటు, ఎఫ్‌ఈ-ఎస్‌ఓ₄·7హెచ్₂ఓ, 278

== ఫార్ములా భారం, మోల్ ==

ఫార్ములాలోని పరమాణువులన్నిటి పరమాణు భారాల మొత్తమే ఫార్ములా భారం. ఈ వ్యాసంలోని లెక్కలకు వాడిన పరమాణు భారాలు సుమారుగా ఇవి: హైడ్రోజన్ 1, కార్బన్ 12, నైట్రోజన్ 14, ఆక్సిజన్ 16, ఫ్లోరిన్ 19, సోడియం 23, అల్యూమినియం 27, గంధకం 32, క్లోరిన్ 35.5, పొటాషియం 39, కాల్షియం 40, ఇనుము 56, రాగి 63.5.

అల్యూమినియం సల్ఫేటును తీసుకుంటే: అల్యూమినియం 2 × 27 = 54. ఒక సల్ఫేటు 32 + 4 × 16 = 96, మూడు సల్ఫేటులు 288. మొత్తం 54 + 288 = 342.

ఫార్ములా భారాన్ని గ్రాములలో తీసుకుంటే అది ఆ పదార్థం యొక్క ఒక '''మోల్''' అవుతుంది. 58.5 గ్రాముల ఉప్పు ఒక మోల్. 2019లో అమలులోకి వచ్చిన నిర్వచనం ప్రకారం ఒక మోల్‌లో కచ్చితంగా 6.02214076 × 10²³ కణాలు ఉంటాయి. డజను అంటే పన్నెండు అయినట్లే మోల్ కూడా ఒక లెక్క మాత్రమే. అయాన్లను ఒక్కొక్కటిగా లెక్కించలేము కనుక తూచి లెక్కించే మార్గమిది. బియ్యపు గింజలను లెక్కపెట్టక శేర్లతో కొలిచినట్లే రసాయన శాస్త్రజ్ఞుడు అయాన్లను గ్రాములతో కొలుస్తాడు.

: మోల్‌ల సంఖ్య = బరువు (గ్రాములు) ÷ ఫార్ములా భారం
: మూలకం శాతం = (ఫార్ములాలో ఆ మూలకం మొత్తం భారం ÷ ఫార్ములా భారం) × 100

మోల్‌లో వెయ్యవ వంతును మిల్లీమోల్ అంటారు. నీటిలో కరిగిన లవణాలకు ఈ కొలత అనుకూలంగా ఉంటుంది.

=== స్ఫటిక జలం ===

కొన్ని లవణాల స్ఫటికాలలో నీటి అణువులు నిర్ణీత సంఖ్యలో ఇమిడి ఉంటాయి. దీనిని స్ఫటిక జలం అంటారు. ఫార్ములాలో చుక్క తరువాత రాసేది దీనినే. మైలుతుత్తాన్ని వేడిచేస్తే నీలిరంగు పోయి తెల్లని పొడి మిగులుతుంది. పోయినది స్ఫటిక జలం.

బరువుల లెక్కలో దీని ప్రాముఖ్యం చాలా ఎక్కువ. స్ఫటిక జలం లేని సోడియం కార్బొనేటు ఫార్ములా భారం 106. చాకలి సోడా స్ఫటికాలది 286. అనగా 106 గ్రాముల పొడి సోడా చేసే పనికి 286 గ్రాముల స్ఫటికాలు కావాలి. చేనేతకు పేరుపొందిన ఎమ్మిగనూరు వంటి చోట్ల నూలు ఉడికించి శుభ్రపరచుటకు సోడా వాడేవారు ఏ రకం సోడా తూస్తున్నారో తెలియకపోతే మోతాదు రెండు రెట్లకు పైగా తేడా వస్తుంది.

== పరిమాణాల లెక్కలు ==

=== వేరుశనగ చేనులో జిప్సం ===

పత్తికొండ ప్రాంతపు ఎర్ర నేలలలో వర్షాధారంగా పండించే ముఖ్యమైన పంట వేరుశనగ (స్థానిక వాడుకలో బుడ్డలు). ఈ మొక్క పూత తరువాత ఊడలను నేలలోకి దింపుతుంది. కాయ ఊరేటప్పుడు కావలసిన కాల్షియాన్ని వేర్ల ద్వారా కాక, ఆ ఊడ, కాయ నేరుగా చుట్టూ ఉన్న మట్టి నుండి గ్రహిస్తాయి. అక్కడ కాల్షియం చాలకపోతే గింజ కట్టక తాలు కాయలు ఏర్పడతాయి. అందుచేత పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం మొక్కల మొదళ్ళ వద్ద వేసి మట్టి ఎగదోయవలెనని వ్యవసాయ శాస్త్రవేత్తలు సిఫారసు చేస్తారు.

ఈ 200 కిలోలలో కాల్షియం ఎంత?

: ఫార్ములా భారం: 40 + 32 + 64 + 36 = 172
: కాల్షియం: 40 ÷ 172 = 23.3 శాతం, అనగా సుమారు 46.5 కిలోలు
: గంధకం: 32 ÷ 172 = 18.6 శాతం, అనగా సుమారు 37.2 కిలోలు
: నీరు: 36 ÷ 172 = 20.9 శాతం, అనగా సుమారు 41.9 కిలోలు

స్ఫటిక జలాన్ని మరచి ఫార్ములా భారం 136 అనుకుంటే కాల్షియం 58.8 కిలోలు అని వస్తుంది. లేని 12 కిలోల కాల్షియం కాగితం మీద పుట్టినట్లవుతుంది.

బజారులో దొరికే జిప్సం నూరు శాతం శుద్ధమైనది కాదు. శుద్ధత 80 శాతం అనుకుంటే పై కాల్షియం 37.2 కిలోలకు, గంధకం 29.8 కిలోలకు తగ్గుతాయి. అదే 46.5 కిలోల కాల్షియం కావాలంటే 200 ÷ 0.80 = 250 కిలోలు వేయాలి. కనుక బస్తా ధరను మాత్రమే కాక శుద్ధతను కూడా చూసి కొనుట మేలు.

=== పొటాష్ బస్తా మీది అంకె ===

మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అనే ఎరువు పొటాషియం క్లోరైడు. 50 కిలోల బస్తాపై పొటాష్ 60 శాతం అని రాసి ఉంటుంది. శుద్ధమైన పొటాషియం క్లోరైడులో పొటాషియం 39 ÷ 74.5 = 52.3 శాతమే. మరి 60 ఎట్లా వచ్చింది?

ఎరువుల వ్యాపారంలో పొటాషియాన్ని దాని ఆక్సైడు (కె₂-ఓ) రూపంలో లెక్కించే ఆనవాయితీ ఉన్నది. బస్తాలో ఆ ఆక్సైడు నిజంగా ఉండదు. అది ఒక కొలమానం మాత్రమే. కె₂-ఓ ఫార్ములా భారం 94. అందులో పొటాషియం 78.

: బస్తాలో ఆక్సైడు లెక్కన: 50 × 0.60 = 30 కిలోలు
: నిజమైన పొటాషియం: 30 × 78 ÷ 94 = 24.9 కిలోలు
: దానికి కావలసిన పొటాషియం క్లోరైడు: 24.9 × 74.5 ÷ 39 = సుమారు 47.6 కిలోలు

అనగా బస్తాలోని సరుకు 95 శాతం శుద్ధమైనది. భాస్వరాన్ని కూడా ఇదే విధంగా ఆక్సైడు (పీ₂ఓ₅) లెక్కన చూపుతారు.

=== తాగునీటిలో ఫ్లోరైడు ===

దక్షిణ భారతదేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని గుర్తించి, అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో దాని వ్యాప్తిని వివరిస్తూ షార్ట్, ఆయన సహచరులు 1937లో పరిశోధన వ్యాసం ప్రచురించారు. తరువాత నల్గొండ, ప్రకాశం, అనంతపురం మొదలైన జిల్లాలలో ఈ సమస్య తీవ్రత వెల్లడైంది. కర్నూలు జిల్లాలో కూడా కొన్ని గ్రామాల భూగర్భజలంలో ఫ్లోరైడు పరిమితికి మించి ఉన్నట్లు తేలింది. భారత ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చు. వేరే నీటి వనరు లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. అంతకు మించితే పళ్ళపై గారమచ్చలు, చాలాకాలం తాగితే ఎముకలు, కీళ్ళు బిగిసి నడుము వంగుట సంభవిస్తాయి. ఎండలో పనిచేసే వ్యవసాయ కూలీ రోజుకు నాలుగు లీటర్ల నీరు తాగుతాడనుకుంటే, లీటరుకు 3 మిల్లీగ్రాములున్న నీటి ద్వారా అతని శరీరంలోకి రోజుకు 12 మిల్లీగ్రాముల ఫ్లోరైడు చేరుతుంది.

నీటిలోని ఫ్లోరైడును సున్నంతో కలిపి కాల్షియం ఫ్లోరైడుగా అడుగుకు దింపవచ్చు గదా అనే ప్రశ్న సహజం. ఫార్ములా భారం 78. అందులో ఫ్లోరైడు 38, అనగా 48.7 శాతం. లీటరు శుద్ధమైన నీటిలో కాల్షియం ఫ్లోరైడు సుమారు 16 మిల్లీగ్రాములు కరుగుతుంది. అందులోని ఫ్లోరైడు 16 × 0.487 = 7.8 మిల్లీగ్రాములు. అంటే కాల్షియం ఫ్లోరైడు కరిగి ఉన్న నీటిలోనే పరిమితికి అయిదు రెట్ల ఫ్లోరైడు మిగిలి ఉంటుంది. నీటిలో కాల్షియం అధికంగా ఉంటే ఈ కరుగుదల కొంత తగ్గుతుంది. కాల్షియం తక్కువగా, సోడియం, బైకార్బొనేటు ఎక్కువగా ఉన్న బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువగా ఉండుటకు ఇది ఒక కారణం. ఏమైనా సున్నం ఒక్కటే చాలదు.

ఈ సమస్యకు నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనా సంస్థ (నీరి) 1970లలో రూపొందించిన పద్ధతికి నల్గొండ పేరు పెట్టారు. '''నల్గొండ పద్ధతి'''లో నీటికి సున్నం, అల్యూమినియం సల్ఫేటు, క్రిములను చంపుటకు బ్లీచింగ్ పొడి కలుపుతారు. అల్యూమినియం హైడ్రాక్సైడు మెత్తని తెట్టెలుగా ఏర్పడి, ఫ్లోరైడును పట్టుకొని అడుగుకు దిగుతుంది. తేటనీటిని వేరుచేస్తారు.

సున్నంతో జరిగే చర్యను ఇట్లా రాయవచ్చు:

: ఏఎల్₂-(ఎస్‌ఓ₄)₃ + 3 సీఏ-(ఓహెచ్)₂ → 2 ఏఎల్-(ఓహెచ్)₃ + 3 సీఏ-ఎస్‌ఓ₄

బరువులు: ఎడమవైపు 342 + 3 × 74 = 564. కుడివైపు 2 × 78 + 3 × 136 = 564. రెండు వైపులా సమానం. సమీకరణం సరిగా ఉన్నదనుటకు ఇదే పరీక్ష.

నీటి శుద్ధికి వాడే అల్యూమినియం సల్ఫేటులో 18 నీటి అణువులు ఉన్నాయనుకుంటే ఫార్ములా భారం 342 + 324 = 666. ఇంత పదార్థానికి 222 గ్రాముల సున్నం, అనగా మూడో వంతు కావాలి. కాని ఆచరణలో సున్నం ఇరవయ్యో వంతు మాత్రమే వేస్తారు. నీటిలో సహజంగా ఉన్న బైకార్బొనేటు మిగిలిన పని చేయుటయే ఇందుకు కారణం. అందుచేత మోతాదు నిర్ణయించే ముందు నీటి క్షారతను పరీక్షించాలి.

ఇంటిలో వాడే పటికను ఇదే బరువులో వేస్తే చాలునా? అల్యూమినియం సల్ఫేటులో (18 నీటి అణువులతో) అల్యూమినియం 54 ÷ 666 = 8.1 శాతం. పటికలో 27 ÷ 474 = 5.7 శాతం. కనుక 100 గ్రాముల మొదటిదానికి బదులుగా సుమారు 142 గ్రాముల పటిక కావాలి. రెండింటినీ జనం పటిక అనే పిలుచుట వలన ఈ తేడా మరుగున పడుతుంది.

ఫార్ములా లెక్క ఎక్కడ ఆగుతుందో కూడా ఈ ఉదాహరణ చూపుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడును 1 మిల్లీగ్రాముకు తగ్గించాలంటే 3 మిల్లీగ్రాములు, అనగా 0.158 మిల్లీమోల్ తొలగించాలి. అదంతా అల్యూమినియం ఫ్లోరైడుగా (ఏఎల్-ఎఫ్₃) మారుతుందనుకుంటే 17.5 మిల్లీగ్రాముల అల్యూమినియం సల్ఫేటు చాలును. వాస్తవంలో లీటరుకు వందల మిల్లీగ్రాములు కావలసి వస్తుంది. ఎందుకనగా ఇక్కడ జరిగేది నిర్ణీత నిష్పత్తిలో సమ్మేళనం ఏర్పడుట కాదు. హైడ్రాక్సైడు తెట్టెల ఉపరితలానికి ఫ్లోరైడు అంటుకొనుటయే ప్రధానం. ఫార్ములా కనీస పరిమాణాన్ని తెలుపుతుంది. ఆచరణలో కావలసిన మోతాదును నీటి పరీక్షయే తెలపాలి. అల్యూమినియం నీటిలో మిగిలిపోరాదు కనుక ఈ మోతాదులను ఎవరికి వారు ఊహించి వేయరాదు.

=== కలరా, లవణ ద్రావణం ===

దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా (1800-1807) పనిచేసి, 1820లో మద్రాసు గవర్నరు అయిన సర్ థామస్ మన్రో, స్వదేశానికి వెళ్ళే ముందు ఈ ప్రాంతంలో పర్యటిస్తూ 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించాడు. కలరా రోగి శరీరం నుండి కొద్ది గంటలలోనే నీటితోపాటు సోడియం, పొటాషియం, క్లోరైడు, బైకార్బొనేటు అయాన్లు పెద్ద మొత్తంలో పోతాయి. ఆ సంగతి అప్పటి వైద్యులకు తెలియదు. రోగుల రక్తాన్ని రసాయనికంగా పరీక్షించి నీరు, లవణాలు తగ్గినట్లు డబ్ల్యూ. బి. ఓషాగ్నెసీ 1831-32లో చూపాడు. 1832లో స్కాట్లండులో థామస్ లాట్టా లవణ ద్రావణాన్ని రక్తనాళంలోకి ఎక్కించి కొందరు రోగులను బతికించాడు. మన్రో మరణానికి, ఈ చికిత్సకు మధ్య అయిదేళ్ళే వ్యవధి.

నోటి ద్వారా ఇచ్చే లవణ ద్రావణపు విలువను పెద్దఎత్తున నిరూపించినవారిలో దిలీప్ మహలనబిస్ ముఖ్యుడు. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో ఆయన ఉప్పు, వంట సోడా, గ్లూకోజు పొట్లాలుగా కట్టించి, నీటిలో కలిపి తాగించాడు. మరణాల రేటు సుమారు 30 శాతం నుండి 4 శాతం లోపుకు తగ్గింది. ఆయనకు 2023లో మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సిఫారసు చేసిన ఓ.ఆర్.ఎస్. ఫార్ములా ప్రకారం ఒక లీటరు నీటికి కావలసినవి: సోడియం క్లోరైడు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేటు (రెండు నీటి అణువులతో) 2.9 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు. మొత్తం 20.5 గ్రాములు. వీటిలో గ్లూకోజు అయానిక సమ్మేళనం కాదు. అది పేగులలో సోడియాన్ని తనతోపాటు లోపలికి చేర్చుతుంది.

మోల్‌ల లెక్క:

: సోడియం క్లోరైడు: 2.6 ÷ 58.5 = 44.4 మిల్లీమోల్
: పొటాషియం క్లోరైడు: 1.5 ÷ 74.5 = 20.1 మిల్లీమోల్
: ట్రైసోడియం సిట్రేటు: 2.9 ÷ 294 = 9.9 మిల్లీమోల్ (ఒక్కొక్కదానిలో మూడు సోడియములు, కనుక సోడియం 29.6)
: గ్లూకోజు: 13.5 ÷ 180 = 75 మిల్లీమోల్

అయాన్ల వారీగా చూస్తే సోడియం 44.4 + 29.6 = 74.0, పొటాషియం 20.1, క్లోరైడు 44.4 + 20.1 = 64.5, సిట్రేటు 9.9. ప్రపంచ ఆరోగ్య సంస్థ వీటిని సర్దుబాటు చేసి వరుసగా 75, 20, 65, 10 అని ఇస్తుంది.

ఇక్కడ కూడా మొదటి నియమాన్ని సరిచూడవచ్చు. ధనావేశం: 74.0 + 20.1 = 94.1. ఋణావేశం: 64.5 + సిట్రేటు మూడింతలు 29.6 = 94.1. రాతి ఉప్పు స్ఫటికంలో పాటించిన నియమమే గ్లాసులోని ద్రావణంలోనూ నిలిచింది.

మోతాదు తప్పితే ప్రమాదం ఏమిటో ఇదే లెక్క తెలుపుతుంది. లీటరు నీటికి ఉద్దేశించిన పొట్లాన్ని 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపితే సోడియం లీటరుకు 74 × 5 = 370 మిల్లీమోల్ అవుతుంది. ఆరోగ్యవంతుని రక్తంలో ఇది 135-145 మాత్రమే. అంత చిక్కని ద్రావణం శరీరంలోని నీటిని ఇంకా బయటికి లాగుతుంది. పసిపిల్లలకు ఇది ప్రాణాంతకం కావచ్చును. రెండు లీటర్లలో కలిపితే సోడియం 37కు పడిపోయి పోయిన లవణం పూడదు. చిన్న పొట్లాలు కూడా అమ్మకంలో ఉన్నాయి కనుక ప్రతి పొట్లంపై చెప్పినంత నీటిలోనే, మొత్తం పొట్లాన్ని ఒకేసారి కలపాలి. పొట్లం దొరకని చోట లీటరు శుభ్రమైన నీటికి ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు (తలగొట్టిన కొలత) కలిపి ఇవ్వవచ్చు. పరిస్థితి విషమిస్తే వెంటనే వైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి.

== సాధారణంగా జరిగే పొరపాట్లు ==

* '''కుండలీకరణం వదలుట:''' తడి సున్నాన్ని సీఏ-ఓహెచ్₂ అని రాస్తే ఒక ఆక్సిజన్ తగ్గి, ఫార్ములా భారం 74కు బదులు 58 వస్తుంది.
* '''ముందు అంకె, కింది అంకె కలగలుపుట:''' 2 ఎన్‌ఏ-సీఎల్ అంటే రెండు మోల్‌ల ఉప్పు. ఎన్‌ఏ₂-సీఎల్₂ అనే ఫార్ములా లేదు.
* '''సమీకరణం తుల్యం చేయుటకు కింది అంకెను మార్చుట:''' కింది అంకె మారితే పదార్థమే మారిపోతుంది. ముందు అంకెను మాత్రమే మార్చాలి.
* '''స్ఫటిక జలాన్ని మరచుట:''' జిప్సం, పటిక, చాకలి సోడా లెక్కలలో ఇది తరచుగా జరుగుతుంది.
* '''శుద్ధతను పట్టించుకొనకుండుట:''' ఫార్ములా శుద్ధ పదార్థానికే వర్తిస్తుంది.
* '''మూలకాన్ని, దాని ఆక్సైడును ఒకటిగా భావించుట:''' ఎరువుల బస్తాలపై అంకెలు చదివేటప్పుడు దీనిని గమనించాలి.
* '''గ్రాములు, మిల్లీగ్రాములు తారుమారు చేయుట:''' ఒక లీటరు నీటిలో ఒక మిల్లీగ్రామును పది లక్షలలో ఒక వంతుగా (పీపీఎం) పరిగణిస్తారు. వెయ్యి రెట్ల తేడా ఈ ఒక్క మాటలో ఉన్నది.

లెక్క పూర్తయిన తరువాత రెండు విషయాలు సరిచూచుట మంచి అలవాటు. ఒకటి, ఫార్ములాలో ధన, ఋణ ఆవేశాలు సమానమా? రెండు, సమీకరణంలో రెండు వైపుల బరువులు సమానమా? ఈ రెండూ సరిపోతే పై పొరపాట్లలో మొదటి మూడు చాలావరకు బయటపడతాయి. మిగిలినవి సీసాపై, బస్తాపై, పొట్లంపై రాసినది జాగ్రత్తగా చదివితేనే తెలుస్తాయి.

== ఇవి కూడా చూడండి ==

* అయాను
* మోల్
* పరమాణు భారం
* స్ఫటిక జలం
* ఫ్లోరోసిస్
* జిప్సం
* కలరా
* థామస్ మన్రో
* పత్తికొండ